రెండు ప్రాసెసర్ల కార్డు మీద పద్మ చీటీ

పాత కంప్యూటర్ సామాను అమ్మే రాయమల్లు ముక్కు ఎక్కడ పగిలిందో పద్మకు తెలియదు గానీ, అతన్ని ఇనుప మెట్ల మీదుగా పైకి ఈడ్చుకొస్తున్న చప్పుడు మాత్రం సందంతా విన్నది. మోకాళ్లు ఒక్కో మెట్టుకూ తగులుతున్నాయి. కింద పట్టుచీరల దుకాణం రాజేశ్వర్ రావు ఒకసారి తల బయటపెట్టి, వెంటనే అద్దం తలుపు మూసుకున్నాడు. పెద్దమనిషి. బేరాల వేళ గొడవలు ఎందుకనుకున్నాడు.

ఈడ్చుకొచ్చినవాడు హరికృష్ణ. మడికొండలో ఐటీ పార్కు దగ్గర కొత్తగా ఆటల సెంటరు పెట్టాడు. ముప్పై కంప్యూటర్లు, నల్ల గోడలు, రంగురంగుల లైట్లు. వాళ్ల నాయన పత్తి వ్యాపారంలో సంపాదించింది కొడుకు ఒంట్లో కండలుగా, నోట్లో తిట్లుగా తేలింది. పద్మ గదిలోకి వస్తూనే రాయమల్లును మూలకు విసిరికొట్టాడు. అక్కడున్న రెండు పాత మానిటర్లు అతని మీద పడి పగిలాయి. వెనకాలే హరికృష్ణ భార్య దీప, అద్దపు తలుపున్న కంప్యూటర్ పెట్టెను రెండు చేతులా మోసుకుంటూ వచ్చి గుమ్మం దగ్గర నిలబడిపోయింది.

పెట్టెలోంచి హరికృష్ణ ఒక కార్డు పీకి పద్మ బల్ల మీద పడేశాడు. మూరెడు పొడవు, ఇనుప వీపు, ఇటుకంత బరువు. దాని మీద తెల్ల ప్లాస్టరు ముక్క, ముక్క మీద నీలి అక్షరాలు: నడుస్తది, పద్మ.

ఆ ముక్క సంగతి తెలియకపోతే ఈ మనిషి సంగతి తెలియదు కాబట్టి, కొట్లాటను ఒక్క నిమిషం ఆపి చెప్పాలి.

హన్మకొండ చౌరస్తా నుంచి లోపలికి తిరిగే ఆ సందులో పద్మ గదికి బోర్డు లేదు. వరంగల్, హన్మకొండ, కాజీపేటల్లో పాత కంప్యూటర్ సామాను కొనేవాడైనా అమ్మేవాడైనా, బేరం తెగే ముందు ఆ మెట్లు ఎక్కాల్సిందే. ముఖ్యంగా గ్రాఫిక్స్ కార్డులకు. ఆటల కంప్యూటర్లో తెర మీద బొమ్మను పరుగెత్తించేది ఆ కార్డు. అన్నిటికన్నా ఖరీదు దానికే, మోసమూ దాంట్లోనే. చచ్చిన కార్డుకు వేడిగాలి కొట్టి, నాలుగు రోజులు బతికించి, పరాయివాడి నెత్తిన రుద్దే మహానుభావులు మన ఊళ్లో తక్కువేం లేరు.

పద్మ ఏ కార్డునైనా మూడు గంటలు పూర్తి బరువు మీద నడిపిస్తుంది. వేడి ఎంత, వేగం ఎంత అన్నది తెర మీద అంకెల్లో కనబడుతూనే ఉంటుంది. ఆమె అవీ చూస్తుంది. కానీ ఆ మూడు గంటలూ ఆమె కుడి అరచెయ్యి కార్డు వీపు మీదే ఉంటుంది. ఫ్యాను ఎక్కడ తడబడుతోందో, లోపల ఏ మూల ఎక్కువ కాలుతోందో అంకెకన్నా ముందు ఆ చేతికి తెలుస్తుంది. చివర్లో దవాఖానలో గాయాలకు వేసే ప్లాస్టరు ముక్క ఒకటి చించి, "నడుస్తది" అనో "నడవది" అనో రాసి, కింద పేరు పెట్టి అంటిస్తుంది. ఆ చీటీ మీద మళ్లీ మాట ఉండదు. పదకొండేళ్లలో ఒక్కటీ తప్పు కాలేదు. ఇల్లు గడిచేది ఆ చీటీ మీదే, ఆ చీటీ బతికేది ఆ చేతి మీద.

ఆ చెయ్యి ఊరికే రాలేదు. పద్మ భర్త సదానందం టీవీ మెకానిక్. పొద్దున్నే తాగేవాడు, చేతులు వణికేవి. వణికే చేతులతో సోల్డరింగ్ ఎలా చేస్తాడు? పద్మ చేసేది, పేరు అతనిది. ఒకరోజు ఎవరిదో కొత్త టీవీ సదానందం చేతిలో కాలిపోయింది. టీవీ ఆసామి కర్ర పట్టుకొచ్చాడు. సదానందం తాపీగా భార్య వైపు వేలు చూపించి, "ఇదే ముట్టుకున్నది" అన్నాడు. అని ఊరుకోలేదు, అతను చూస్తుండగానే కేబుల్ వైరు మడిచి ఆమెను కొట్టాడు. ఆసామి కర్ర గోడకు ఆనించి, ఇక చాలు పోనీయమని, సదానందం తెప్పించిన చాయ్ తాగి వెళ్లాడు. ఆ చాయ్ తాగడమే పద్మ ఇప్పటికీ మరిచిపోలేదు. అతను మెట్లు దిగాక ఎర్రగా కాలుతున్న సోల్డరింగ్ ఐరన్ తీసి సదానందం మణికట్టు మీద అదిమి పట్టింది. చర్మం కమురు వాసన గదంతా నిండింది. అతను తొర్రూరులో చెల్లెలింటికి పోయి మళ్లీ రాలేదు. ఆ ముచ్చట బజారులో అందరికీ తెలుసు. అందుకే ఆమె గదిలో పెద్ద పెద్ద వ్యాపారులు కూడా గొంతు తగ్గించి మాట్లాడతారు.

హరికృష్ణకు ఆ ముచ్చట తెలియదో, తెలిసీ లెక్కలేదో.

ఈ కార్డు మొదటిసారి ఆమె దగ్గరికి వచ్చింది దసరాకు నెల ముందు. అమ్మేవాడు రాయమల్లు, కొనేవాడు హరికృష్ణ. ఒకే పలక మీద రెండు ప్రాసెసర్లు కూర్చోబెట్టిన కార్డది. వచ్చిన కొత్తలో ఒక మోటారు సైకిలు ధర పలికింది. పద్మ దాన్ని మూడు గంటలు కాదు, ఆరు గంటలు చూసింది. ఒకటి ఆపి రెండోదాన్ని, రెండోది ఆపి మొదటిదాన్ని, తర్వాత రెంటినీ కలిపి. రెండూ కలిసి పరుగెత్తేటప్పుడు బొమ్మ అప్పుడప్పుడూ సన్నగా కుదుపు తినేది. అది రోగం కాదు, ఆ జాతి కార్డులన్నిటికీ ఉన్న గుణమే. ఆ మాటా చెప్పింది. ఇప్పటి కొత్త ఆటల్లో రెండో ప్రాసెసర్ ఊరికే కూర్చుంటుందనీ, కరెంటు మాత్రం ఇద్దరి తిండి తింటుందనీ, ఇంతకన్నా తక్కువలో ఒంటి ప్రాసెసర్ కొత్త కార్డు వస్తుందనీ, దీన్ని కొనడం తెలివి కాదనీ మొహం మీదే చెప్పింది. హరికృష్ణ నవ్వాడు. సెంటర్ గుమ్మంలో అద్దాల పెట్టెలో దీన్ని పెడితే పిల్లలు ఫొటోలు దిగుతారని, అంతకన్నా తనకేం వద్దని అన్నాడు. సరే, కార్డు అడిగినంత వరకూ ఆరోగ్యంగానే ఉంది. చీటీ రాసింది.

ఆ చీటీయే ఇప్పుడు బల్ల మీద ఉంది. దసరా వెళ్లిన తొమ్మిదో రోజు, ఆటల పోటీ పెట్టి నూరుమందిని పిలిచి మొదలుపెట్టిన అరగంటకు, తెర నల్లబడింది. నూరుమంది పకపకా నవ్వారు. హరికృష్ణకు కార్డు పోయిన బాధ కాదు, ఆ నవ్వు చెవుల్లోంచి పోవడం లేదు. అక్కణ్ణుంచి రాయమల్లు దుకాణానికి వెళ్లి, అడగకుండానే ముక్కు పగలగొట్టాడు. ఇద్దరూ కలిసి ముంచారని అతని నమ్మకం.

పద్మ కుడిచెయ్యి బల్ల మీద ఉంది. హరికృష్ణ వంగి దాని మణికట్టు పట్టుకుని బల్లకు అదిమాడు.

"ఈ చెయ్యే గదా రాసింది. తప్పు నీదని తేలిందనుకో, ఈ చెయ్యి మళ్ల పెన్ను పట్టది. నేను చెప్తాన."

ఎముకలు కలుక్కుమన్నాయి. పద్మ చెయ్యి లాక్కోలేదు. భయం వేయలేదంటే అబద్ధం. కానీ సదానందం దగ్గర నేర్చుకున్నది ఒకటుంది, కొట్టేవాడికి భయం కనబడితే రుచి మరుగుతాడు.

"చూడనియ్యి. చూసినంక మాట్లాడు."

కార్డును తన పరీక్ష కంప్యూటర్‌కు తగిలించింది. మొదటి ప్రాసెసర్ లేచింది. రెండోది లేవలేదు. ఆమె గంట సేపు ఓపిగ్గా ప్రయత్నిస్తుంటే హరికృష్ణ ఆ గంటా చేతులు ఊరికే ఉంచుకోలేదు. అరలోంచి ఒక్కో పెట్టె తీసి చూసి నేలకేసి కొట్టాడు. మూలుగుతున్న రాయమల్లు డొక్కలో రెండుసార్లు తన్నాడు. అడ్డం వచ్చిన స్టూలును కాలితో తన్నితే అది వెళ్లి దీప మోకాలికి తగిలింది. ఆమె దెబ్బ తగిలినా పెట్టెను దించలేదు, దించమని అతను చెప్పలేదు కాబట్టి.

అప్పుడు పద్మ ఆమెను సరిగ్గా చూసింది. ఇరవై ఎనిమిది ఉంటాయేమో. ఎండ మండిపోతుంటే పొడుగు చేతుల జాకెట్టు. బరువుకు జాకెట్టు చెయ్యి వెనక్కి జారితే మణికట్టు పైన నాలుగు నల్లటి మచ్చలు, పక్కన ఒకటి. నాలుగు వేళ్లూ ఒక బొటనవేలూ. ఆ గుర్తులు చదవడానికి పద్మకు మూడు గంటలు అక్కర్లేదు.

స్క్రూలు విప్పి, వేడిని లాగే ఇనుప మూత లేపింది. రెండు ప్రాసెసర్ల నడుమ వాటి మధ్య రాకపోకలు నడిపే చిన్న చిప్పు ఉంటుంది. దాని కాళ్ల చుట్టూ పలచటి, జిగట పొర. రెండు కాళ్లు పచ్చగా చిలుమెక్కి తినేసి ఉన్నాయి. పొరలో ఒక ఎర్రటి పలుకు అంటుకుని ఉంది. పద్మ వేలి కొసతో తీసి చూసింది. కుంకుమ. వంగి వాసన చూసింది. పులిసిన తీపి. కొబ్బరినీళ్లు.

ఆమెకు మొత్తం కళ్లకు కట్టింది. దసరా నాడు మన దగ్గర తూకపు రాళ్ల నుంచి జేసీబీల దాకా అన్నిటికీ పసుపు పెట్టి, బొట్టు పెట్టి, కాయ కొడతారు. కొట్టాల్సిందే, పద్మ కూడా తన పరీక్ష కంప్యూటర్‌కు కొడుతుంది. కాకపోతే ముందు ప్లగ్గు పీకి, బట్ట కప్పి కొడుతుంది. ఇక్కడెవరో లైట్లు వెలిగేట్టు పెట్టెను నడుస్తుండగానే ఉంచి, అద్దం తెరిచి, దాని ముందే కాయ కొట్టారు. ఆ నీళ్లు నడుస్తున్న కార్డులోకి దిగి, తొమ్మిది రోజులు మెల్లగా తిన్నాయి.

చీటీ తప్పు కాలేదు. ఆ ఒక్క మాట చెబితే తన చెయ్యి తనకు దక్కుతుంది. కానీ ఆ మాట వెళ్లి ఎవరి ఒంటి మీద పడుతుందో ఆ మనిషి గుమ్మంలో నిలబడి ఉంది. తప్పు నాదేనంటే? చెయ్యి పోతుంది, చీటీ పోతుంది, రేపటి నుంచి తిండీ పోతుంది. పద్మకు కోపం ముంచుకొచ్చింది. తప్పు చేసినవాడు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడితే, దెబ్బలు ఎవరు తినాలన్నది ఇద్దరు ఆడవాళ్లు పంచుకోవాలా? నిజాన్ని దాని అసలు యజమాని పేరుతో చెబితే చాలనుకుంది. కాయ కొట్టేది ఇంటి మగవాడే కదా. అదే ఆమె చేసిన పొరపాటు.

"కార్డు నేను ఇచ్చినప్పుడు మంచిగున్నది. కొబ్బరినీళ్లు పడ్డయి. దసరా నాడు కాయ కొట్టింది ఎవరు?"

కొట్టింది ఎవరన్న ప్రశ్న హరికృష్ణ చెవికి ఎక్కలేదు. దసరా అన్న మాటే వినబడింది, పండగ పూజలంటే అతని ఇంట్లో భార్య పని. రెండంగల్లో గుమ్మం దగ్గరికి వెళ్లి దీపను చెంప మీద కొట్టాడు. పెట్టె చేతుల్లోంచి జారి అద్దం భళ్లున పగిలింది. ఆ గాజు ముక్కల మీదికే ఆమె పడింది. జుట్టు పట్టి లేపి మళ్లీ కొట్టాడు. పెదవి చిట్లి రక్తం గడ్డం మీదికి కారింది.

పద్మ లేచింది. ఆమె నోరు తెరవకముందే మూలలోంచి రాయమల్లు గొంతు వినబడింది. చచ్చినట్టు పడి ఉన్నవాడు తన ఫోన్ పట్టుకుని కూర్చున్నాడు. హరికృష్ణ సెంటర్ నెట్ పేజీలో దసరా వీడియో ఉందని, ఎన్ని లైకులొచ్చాయోనని తాను ఆరోజే చూశానని ముక్కుతో రక్తం చీదుతూ చెప్పి, ఆడించాడు. వీడియోలో హరికృష్ణ కొత్త చొక్కా వేసుకుని, వెలుగుతున్న పెట్టె ముందు కాయ ఎత్తాడు. ఫోన్ పట్టుకుని తీస్తున్న దీప గొంతు వినబడింది.

"అద్దం మూసినంక కొట్టున్రి, లోపట నీళ్లు పడ్తయి."

"నోర్మూసుకొని తియ్యి."

కాయ పగిలింది. నీళ్లు చిమ్మాయి. అక్కడివాళ్లు చప్పట్లు కొట్టారు.

మెట్ల మీద నలుగురైదుగురు పోగయ్యారు, వాళ్లూ విన్నారు. పద్మ కూర్చుని ప్లాస్టరు ముక్క చించింది. పాత చీటీ పక్కనే కొత్తది రాయడం మొదలుపెట్టింది. "కొబ్బరినీళ్లు. కొట్టింది హరి" వరకూ వచ్చింది.

హరికృష్ణ కార్డు ఎత్తి, ఇనుప వీపు అంచుతో ఆమె చేతి మీద కొట్టాడు. ఒకసారి కాదు. మొదటి దెబ్బకు పెన్ను ఎగిరిపోయింది. రెండో దెబ్బకు ఎండు కట్టె విరిగిన చప్పుడైంది. మూడో దెబ్బకు ముందే పద్మ బల్ల మీద కాలుతున్న సోల్డరింగ్ ఐరన్‌ను ఎడమచేత్తో అందుకుని అతని ముంజేతి మీద పెట్టింది. కానీ అది ఎడమచెయ్యి, గురి తప్పింది. బొబ్బ లేచేంత మాత్రమే కాలింది. అతను బూతులు తిడుతూ కార్డును ఆమె ఒళ్లోకి విసిరేసి మెట్లు దిగాడు. దీప లేచి, కాళ్లకు గుచ్చుకున్న గాజు తీసుకోకుండానే, అతని వెనకాల వెళ్లిపోయింది. మెట్ల మీద ఉన్నవాళ్లు ఇద్దరికీ దారి ఇచ్చారు.

పెద్ద దవాఖానలో మూడు వేళ్లకు లోపల తీగలు వేశారు. రెండు మళ్లీ వంగవన్నారు. పోలీసులు వచ్చి రాసుకున్నారు. రాజేశ్వర్ రావు ఏసీ చప్పుడులో తనకేమీ వినబడలేదన్నాడు. మెట్ల మీద నిలబడ్డవాళ్లు తామప్పుడే వచ్చామన్నారు. రాయమల్లు, పాపం, బండి మీంచి పడ్డానన్నాడు. అప్పటికే సెంటర్ పేజీలోంచి వీడియో తీసేశారు. పద్మ అన్నీ వింది. ఆ రోజు కర్ర గోడకు ఆనించి చాయ్ తాగినవాడు ఒక్కడే కాదని ఆమెకు అర్థమైంది, అంతే.

నలభై రోజులు గది తెరవలేదు. తెరిచాక వచ్చినవాళ్లు చేతికట్టు చూసి, మళ్లీ వస్తామని వెళ్లారు. ఎడమచేత్తో ఐరన్ పట్టడం నేర్చుకుంటూ ఆమె రెండు బోర్డులు పాడుచేసి, ఒకదాన్ని గోడకేసి కొట్టింది. ఆ సాధన సాగుతున్న ఒక పొద్దున మెట్ల మీద అడుగులు వినబడ్డాయి. దీప. ఒంటరిగా ఉంది. ఒక చేతిసంచి, చిట్లిన చోట గట్టిపడిన పెదవి. ఆమె నడకలో ఒక కాలు కుంటుతోంది, అది కొత్త దెబ్బ. వచ్చి స్టూలు మీద కూర్చుంది.

"పోలీస్ స్టేషన్ల కాయితం ఇచ్చే వస్తాన అక్కా. వీడియో నా ఫోన్ల ఉండె. మీ చెయ్యి ఇరగ్గొట్టింది గుడ రాసిచ్చిన. నా దెబ్బలు గుడ రాసిచ్చిన."

పద్మకు ఏడుపు వచ్చింది, ఏడ్చింది కూడా. ఎవరూ సాక్ష్యం చెప్పని చోట ఈ కుంటికాలు వెళ్లి చెప్పిందని ఏడ్చింది. దీప బల్ల మీది ఐరన్ వైపు చూసింది.

"అది ఎంత వేడి మీద పెడ్తరు అక్కా?"

"ఎవలకు పెట్టటానికి?"

"ముందుగాలైతే కార్డుకే."

పద్మ ఆమె ముఖంలోకి చూసి, మూడు వందల యాభై డిగ్రీలని చెప్పింది. తర్వాత అర కిందినుంచి ఆ కార్డును తీసింది. దాని అంచున తన రక్తం ఎండి నల్లగా ఉంది. దీప చేత స్పిరిటుతో తుడిపించింది, చిలుము గీకించింది, తిన్న కాళ్లకు సోల్డరింగ్ పెట్టించింది. కార్డును తగిలించి, అరచెయ్యి దాని వీపు మీద పెట్టించి, మూడు గంటలు తీయనివ్వలేదు. రెండో ప్రాసెసర్ లేవలేదు. మొదటిది ఒక్కటే మొత్తం బరువు మోస్తూ, ఎక్కడా తడబడకుండా నడిచింది. ఏం తెలిసిందని అడిగితే దీప తెర వైపు చూడకుండానే, ఎడమ పక్క చల్లగా ఉంది, కుడి పక్క బాగుందని చెప్పింది.

ప్లాస్టరు ముక్క చించి ఇచ్చింది పద్మ. ఏం రాయాలో చెప్పింది. ఒకటి నడుస్తది, ఒకటి నడవది. దీప రాసి, కింద పేరు దగ్గర ఆగి, ఎవరి పేరు పెట్టాలని అడిగింది.

"చెయ్యి పెట్టినోళ్ల పేరు," అంది పద్మ.

దీప తన పేరు రాసి, చీటీని కార్డుకు అంటించి, ఊడకుండా బొటనవేలితో అంచులు గట్టిగా రుద్దింది.